నల్లదారం బిగిసిన రోజు

యర్రమ్మకి మనిషి ఎదురైతే ముందు ముఖం కనపడదు, జబ్బ కనపడుతుంది. ముఖానిదేముంది, కడుపులో ఆకలి పెట్టుకుని కూడా నవ్వగలదు. జబ్బ అబద్ధమాడదని ఆవిడ నమ్మకం.

అరకు లోయకి ఎగువన, కాఫీతోటలు మొదలయ్యే మలుపులో ఉన్న బాలికల ఆశ్రమ పాఠశాలలో ఆవిడ పద్నాలుగేళ్ళుగా వంటమనిషి. మూడువందలమంది ఆడపిల్లలు. పేర్లు మరిచిపోతుంది, ఒకరి పేరు పెట్టి ఇంకొకరిని పిలుస్తుంది, పిల్లలు పకపకా నవ్వితే తనూ నవ్వేస్తుంది. కానీ ఎవరు ఎన్ని గరిటెలు తింటారో, ఎవరికి గుడ్డు పడదో, సెలవులకి ఇంటికెళ్ళి వచ్చిన పిల్ల ఎంత చిక్కిందో అడగండి, గుక్క తిప్పుకోకుండా చెబుతుంది.

మూడో తరగతిలో చేరడానికి కొండల మీదినుంచి ప్రతి జూన్‌లోనూ పిల్లలు వస్తారు. వచ్చిన మొదటి ఆదివారం యర్రమ్మ వాళ్ళని వంటశాల వెనకాల వరసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరి కుడి జబ్బకి నల్లదారం కడుతుంది. దారానికీ జబ్బకీ మధ్య తన చిటికెనవేలు పట్టేంత సందు ఉంచుతుంది. పిల్ల ఒళ్ళుచేసి, ఆ సందు పూడి, దారం బిగిస్తే ఆ పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి "పెద్దమ్మా, దారం బిగిసింది!" అని కేకెయ్యాలి. యర్రమ్మ ఎంత పనిలో ఉన్నా గరిటె పక్కన పడేసి, బ్లేడుతో పాత దారం కోసి, నోట్లో బెల్లంముక్క పెట్టి, కొత్త దారం కడుతుంది. అది ఆవిడ పుట్టిన ఊళ్ళో తల్లులు చేసే పని. వార్డెన్ ఉమామహేశ్వరి మేడమ్ అయితే అది దిష్టిదారం అనుకుంటుంది. పార్వతీపురం నుంచి వచ్చిన మనిషి, కొండమీద కనపడిన ప్రతి దారాన్నీ దిష్టి ఖాతాలో వేసేస్తుంది.

దారం కోశాక యర్రమ్మ ఒక మాట అంటుంది. "బలిసినావే గుంటా!" అని.

వాళ్ళ ఊళ్ళో గుంట అంటే ఆడపిల్ల, బలిసినావన్న మాట దీవెన. సామలూ చోళ్ళూ బాగా పండిన ఏడు పిల్లలు బలిసేవాళ్ళు. పిల్ల బలిసిందంటే ఆ ఏటికి బతికిందని లెక్క. అదే మాట ఘాటీ రోడ్డు దిగి మైదానం చేరేసరికి తిట్టయి కూర్చుంటుంది. యర్రమ్మ ఘాటీ దిగింది తక్కువ. ఆ మాట కింద ఎలా వినపడుతుందో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. పైగా ఆవిడ కూతురు కనక పదకొండేళ్ళకే పోయింది, ఎముకలగూడై పోయింది. పదహారేళ్ళయింది. కూతురు పోయిన రెండేళ్ళకి ఈ హాస్టల్లో గరిటె పట్టుకుంది. ఒక్కపిల్లకి పెట్టలేకపోయిన తిండి మూడువందలమందికి పెడుతోంది. ఆవిడ నోట 'బలిసింది' అన్నమాట ఎంత ఆకలితో వచ్చేదో ఇంతకంటే ఎలా చెప్పను?

ఇక బేబి సంగతి.

బేబి తొమ్మిదో తరగతి. కాఫీతోట సుక్రు పెద్దకూతురు. మూడో తరగతిలో వచ్చినప్పుడు దాని జబ్బకి యర్రమ్మ దారం రెండు చుట్లు తిప్పాల్సి వచ్చింది. ఆరేళ్ళలో అయిదు దారాలు మారాయి. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఆడపిల్లలు దారాన్ని జాకెట్టు చేతికింద దాచుకుంటారు, లేకపోతే "ఇంక చాల్లే పెద్దమ్మా, మేం చిన్నపిల్లలమా" అని తీయించుకుంటారు. బేబి ఒక్కతే తీయించుకోలేదు. సాయంత్రం స్టడీ అవర్‌కి ముందు వంటశాలలోకొచ్చి, చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతూ, ఆ రోజు చెప్పిన పాఠం మొత్తం యర్రమ్మకి ఒప్పజెప్పేది. యర్రమ్మకి అందులో ఒక్కముక్క అర్థమయ్యేది కాదు. అయినా "ఊఁ, తరవాత?" అనేది. భోజనాల దగ్గర బేబి గొంతు ఒక్కటే గట్టిగా వినపడేది, "పెద్దమ్మా, ఇంకో గరిటె!" అని. వండేవాళ్ళకి చెవుల్లో తేనె పోసినట్టుండే కేక అది.

జులైలో ఒక శనివారం ఆరోగ్య కేంద్రం నర్సు, సిస్టర్ హేమలత, తూకం మిషను తెచ్చి వరండాలో పెట్టింది. నెలకోసారి పిల్లల బరువు చూసి కార్డు మీద రాయాలి. ఆవిడ అంకె పైకి చదువుతుంది, వార్డెన్ మేడమ్ రాసుకుంటుంది, వరసలో నిలబడ్డ పిల్లలంతా వింటారు. బజార్లో బెండకాయలు తూచినట్టు ఆడపిల్లల్ని తూచి అరవడం తప్పని అక్కడున్న పెద్దవాళ్ళకి ఎవరికీ తోచలేదు. ఎన్నో ఏళ్ళుగా అలాగే జరుగుతోంది మరి.

బేబి వరసలో తన వంతు దగ్గరపడుతుండగా జబ్బ తడుముకుంది. వరస వదిలి వంటశాలలోకి పరుగెత్తింది.

"పెద్దమ్మా, దారం బిగిసింది!"

యర్రమ్మ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ, బ్లేడూ బెల్లమూ పట్టుకుని దాని వెంటే వరండాలోకి వచ్చింది. బేబి మిషను ఎక్కింది. సిస్టర్ అంకె చదివింది. ఆ అంకె ఎంతో నేను చెప్పను. చెబితే, చదువుతున్న ఆడపిల్ల ఎవరైనా తన అంకె తెచ్చి దాని పక్కన పెట్టి చూసుకుంటుంది. ఎదిగే పిల్లకి ఉండాల్సిన అంకే అది. సిస్టర్ కూడా "గుడ్" అంది.

యర్రమ్మకి ఆనందం పట్టలేదు. మిషను మీదున్న పిల్ల జబ్బ పట్టుకుని, దారం కోసి, మూడువందల మందికీ వినపడేలా కేకేసింది. "సూడండి మేడమ్! నా సేతి తిండి! నా బేబి ఎలా బలిసిందో సూడండి! నా గుండిగలాగ నిండుగా ఉంది!"

గుండిగ అంటే ఆవిడ అన్నం వండే పెద్ద గిన్నె. నల్లగా, గుండ్రంగా, నడుం ఎత్తున ఉంటుంది. యర్రమ్మకి లోకంలో అంతకంటే అందమైన వస్తువు లేదు. రోజూ పొద్దున్న దానికి దండం పెట్టుకునే పొయ్యి వెలిగిస్తుంది.

పదో తరగతి వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వరసంతా పాకింది. వార్డెన్ మేడమ్ కూడా పెదవి కొరుక్కుని, "ఏం మాటలు యర్రమ్మా!" అంటూ నవ్వింది. పిల్లలంతా సంతోషపడుతున్నారనుకుని యర్రమ్మ తనూ నవ్వింది. బేబి నోట్లో బెల్లం పెట్టి, కొత్త దారం ముడివేసింది. బేబి మిషను దిగి, తల వంచుకుని వెళ్ళిపోయింది. సిగ్గుపడిందనుకుంది యర్రమ్మ. ఆ సాయంత్రం తులసికోట దగ్గర ఉమ్మేసిన బెల్లంముక్కకి చీమలు పట్టి ఉంటే, ఎవరో చిన్నపిల్ల పారేసుకుందనుకుంది.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. నోరు జారిందన్న సంగతే తెలియనివాళ్ళ మాటేమిటి?

ఆ మర్నాటినుంచి బేబి పేరు గుండిగ. పదో తరగతి వాళ్ళు మొదలుపెట్టారు, అయిదో తరగతి దాకా దిగింది. "గుండిగొస్తంది, జరగండే!" అనేవాళ్ళు కొళాయి దగ్గర. వంటశాల పొగలోనూ గిన్నెల చప్పుడులోనూ ఉండే యర్రమ్మకి అది చేరలేదు. చేరినా, తన గిన్నె గురించే అనుకునేదేమో.

ఆగస్టులో "ఇంకో గరిటె" అన్న కేక ఆగిపోయింది. యర్రమ్మకి అది మొదటిరోజే తెలిసింది. వారం ఆగి అడిగింది.

"ఏటే గుంటా, పళ్ళెంలో సగం ఒగ్గీసినావు?"

"కడుపులో బాగోలేదు పెద్దమ్మా."

వాము వేడినీళ్ళు కాచి ఇచ్చింది. రెండోవారం మళ్ళీ అదే మాట. మూడోవారం బేబి తన గుడ్డు మూడో తరగతి పిల్ల పళ్ళెంలో వేయడం కిటికీలోంచి చూసింది. మంచి మనసు, చిన్నపిల్లలకి పెడుతోంది అనుకుంది. మనం ఎలా చూడాలనుకుంటే అలాగే కనపడుతుంది కదా. బేబి స్టీలు పళ్ళాన్ని అటూ ఇటూ తిప్పి అందులో తన ముఖం చూసుకునేది. స్టీలు పళ్ళెంలో ఎంత సన్నటి ముఖమైనా వెడల్పుగానే కనపడుతుంది. ఆ పిల్ల దాన్నే నమ్మింది. తెల్లారగానే మంచులో గ్రౌండు చుట్టూ పరుగెత్తేది. బియ్యం ఏరడానికి రావడం మానేసింది.

సెప్టెంబరులో ఒకరోజు మధ్యాహ్నం వంటశాల గుమ్మంలో వచ్చి నిలబడింది.

"పెద్దమ్మా, ఒక మాట. నన్ను ఇంక అలాగ అనొద్దు."

"ఎలాగ?"

"బలిసిందని. గుండిగని."

యర్రమ్మ పప్పు ఎనుపుతోంది. తల కూడా తిప్పలేదు. "ఓలమ్మా, బలిసిందంటే తప్పేటే? ఎండిపోయిందంటే తప్పు గానీ. నేను అబద్దం ఆడ్తానేటి?" అని నవ్వింది.

బేబి కాసేపు గుమ్మం పట్టుకుని నిలబడి వెళ్ళిపోయింది. తరవాత యర్రమ్మ ఆ మధ్యాహ్నాన్ని ఎన్నిసార్లు తలుచుకుని గుండె బాదుకుందో. పప్పుగుత్తి పక్కన పెట్టి, ఒక్కసారి తల తిప్పి ఉంటే చాలు. పప్పుదేముంది, మాడితే ఇంకోటి వండొచ్చు.

అక్టోబరు వచ్చేసరికి బేబి జబ్బకి దారం వదులైంది. చిటికెనవేలి సందు కాస్తా రెండు వేళ్ళయింది, తరవాత మూడు. ఈ వదులు యర్రమ్మకి తెలుసు. ఒకసారి ఇంట్లో చూసింది. పరుగున వార్డెన్ దగ్గరికి వెళ్ళింది.

"మేడమ్, బేబికి ఏదో రోగం తగిలింది. మా కనకకి ఇలాగే..."

"రోగమా పాడా, ఈ వయసులో ఆడపిల్లలంతా ఇంతే యర్రమ్మా. నాజూగ్గా ఉండాలని తిండి మానేస్తారు. నాలుగురోజులు పోతే వాళ్ళే తింటారు," అంది మేడమ్. చెడ్డమనిషి కాదు. వాళ్ళమ్మాయి కూడా ఇంటిదగ్గర రాత్రిపూట భోజనం చేయదు. దానికే అలవాటు పడిపోయింది.

యర్రమ్మకి నాజూకు అన్నమాటే అర్థం కాలేదు. తిండి ఉండి కూడా తినని పిల్ల ఉంటుందని ఆవిడ ఏనాడూ వినలేదు. వాళ్ళ ఊళ్ళో ఆకలికి ఒకటే కారణం, లేకపోవడం. ఆ రోజు బేబిని పక్కన కూర్చోబెట్టుకుని, మొదట బతిమాలింది, తరవాత తిట్టింది, చివరికి గడ్డం పట్టుకుని ముద్ద నోట్లో కుక్కింది. బేబి కళ్ళనీళ్ళతో మింగింది. లేచి పెరట్లోకి పరుగెత్తింది. మింగిన ముద్ద నిలవలేదు. గోడపట్టుకుని వణుకుతున్న ఆ వీపుని చూస్తూ, చెయ్యి వెయ్యడానికి కూడా భయపడి, యర్రమ్మ ఎంగిలి చేత్తో అలాగే నిలబడిపోయింది.

నవంబరు మొదట్లో, మంచు ఇంకా విడవని పొద్దున, ప్రార్థన వరసలో బేబి కూలిపోయింది. యర్రమ్మ పొయ్యి దగ్గరినుంచి పరుగెత్తుకొచ్చి ఎత్తుకుంది. తొమ్మిదో తరగతి పిల్లని ఒక్కతే ఎత్తుకోగలిగింది. అదే ఆవిడకి ఏడుపు తెప్పించింది. ఎత్తుకున్నప్పుడు దారం జబ్బమీదినుంచి జారి, మోచెయ్యి దాటి, మణికట్టు మీద ఆగింది.

ఆసుపత్రిలో రక్తం లేదన్నారు, గుండె నెమ్మదిగా కొట్టుకుంటోందన్నారు, సెలైను పెట్టారు. సుక్రు తోటలో కాఫీపళ్ళు కోస్తున్నవాడు కోస్తున్నట్టే వచ్చాడు. ఇంట్లో భార్య పచ్చిబాలింత, రాలేదు. పళ్ళరసంతో నల్లబడ్డ వేళ్ళతో కూతురి పాదాలు పట్టుకుని, "ఏటయిందప్పా మా గుంటకి? నీ కాడ ఉంది గదా, బాగుంటాదనుకున్నాను," అన్నాడు, అప్పా అంటూ అక్క వరసలో పిలిచే యర్రమ్మతో. తిట్టినా బాగుండేది. యర్రమ్మ "నువ్వెళ్ళు తమ్ముడా, బాలింత ఒక్కతీ ఉంది. నేనుంటాను," అని పంపించింది. వంటశాల సహాయకురాలికి అప్పగించి, పద్నాలుగేళ్ళలో మొదటిసారి సెలవు చీటీ పెట్టింది.

రెండోరోజు సిస్టర్ హేమలత వచ్చి బేబి దగ్గర చాలాసేపు కూర్చుంది. బయటికి వచ్చి యర్రమ్మని వరండా బెంచీ మీద కూర్చోబెట్టింది.

"యర్రమ్మా, ఇది మీ కనకకి వచ్చిన జబ్బు కాదు. ఆ పిల్లకి తన ఒళ్ళంటే అసహ్యం పుట్టింది. అందుకే తినడంలేదు."

"ఒళ్ళంటే అసయ్యమా? ఎందుకమ్మా?"

సిస్టర్ కాసేపు చెప్పాలా వద్దా అని ఆలోచించింది. "తూకం రోజు నువ్వు ఒక మాట అన్నావు. గుండిగలా ఉందని. పిల్లలు ఆ పేరే పెట్టారు. 'వాళ్ళంటే ఊరుకుందును సిస్టర్, పెద్దమ్మ అంది. పెద్దమ్మ జబ్బ చూసి అబద్ధం చెప్పదు' అంది. నీ తప్పొక్కటే కాదులే. అంకెలు పైకి అరిచింది నేను."

ఆ పిల్ల తన మాట నమ్మింది. మూడువందలమందిలోనూ తన మాటనే ఎక్కువ నమ్మిన పిల్ల అది. తను దీవించాననుకుంది. ఆ దీవెనే పిల్ల నోటికి తాళం వేసింది.

"నేనిప్పుడేటి సెయ్యాల సిస్టరమ్మా? కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను."

"తినమని బతిమాలకు. తిట్టకు. దాని ఒంటి గురించి మంచైనా చెడైనా ఒక్కమాట అనకు. చిక్కిపోయావనీ అనొద్దు, బాగున్నావనీ అనొద్దు. వేరే సంగతులు మాటాడు. విశాఖపట్నంలో ఇలాంటి పిల్లలతో మాట్లాడే డాక్టరమ్మ ఉంది, వచ్చే వారం తీసుకెళ్తాను. నెలలు పడుతుంది యర్రమ్మా. ఒక్కరోజులో వచ్చింది కాదు, ఒక్కరోజులో పోదు."

వేరే సంగతులు! ముప్ఫై ఏళ్ళుగా 'తిన్నావా' అన్న మాటతో తప్ప ఎవరినీ పలకరించని మనిషికి వేరే సంగతులేం ఉంటాయి? రెండురోజులు యర్రమ్మ మంచం పక్కన కూర్చుంది. హాస్టల్లో కుక్క ఈని పదిరోజులైందని, నాలుగు పిల్లలని చెప్పింది. వంటశాల కప్పు కారుతోందని చెప్పింది. మాటలైపోయాయి. బేబి గోడవైపు తిరిగి పడుకునేది. ఆసుపత్రి వాళ్ళు పెట్టిన జావ గ్లాసులోనే మీగడ కట్టేది.

నాలుగోరోజు నర్సు వచ్చి బేబిని తూచింది. పైకి చదవలేదు గానీ బేబి మెడ సాచి అంకె చూసేసింది. చూసి, చిన్నగా నవ్వింది. నాలుగు నెలల్లో యర్రమ్మ ఆ పిల్ల నవ్వు చూడటం అదే మొదలు. అంకె తగ్గినందుకు నవ్వుతోందని ఆవిడకి అప్పుడు తెలిసింది.

ఇంక ఆగలేకపోయింది. మర్నాడు పొద్దున ఇంటికెళ్ళి రేకుపెట్టె తీసి, అడుగున పసుపుగుడ్డలో చుట్టి ఉన్నది తెచ్చింది. మంచం మీద కూర్చుని గుడ్డ విప్పింది. ఎండి, రంగు వెలిసిన చిన్న నల్లదారం చుట్ట.

"ఇది మా కనకది," అంది.

బేబి ఇటు తిరిగింది. కనక పేరు హాస్టల్లో అందరికీ తెలుసు. దారం సంగతి ఎవరికీ తెలియదు.

"దానికి ఏడేళ్ళప్పుడు కట్టినాను. రగతంలో కొడవళ్ళున్నాయి, సికిల్ సెల్ అన్నారు డాక్టర్లు, అది పోయినాక సెప్పినారు. అప్పటికి మాకేటి తెలుసు? ఎనిమిదేళ్ళొచ్చినాయి, తొమ్మిదొచ్చినాయి, దారం బిగిసేది కాదు. రోజూ పొద్దున్నే సూసుకునేది. 'అమ్మా, ఇయ్యాల బిగిసిందేటి?' అనేది. ఊళ్ళో అందరి పిల్లలూ బెల్లం తింటుంటే సూసేది. బిగిసినాకే తింతాను అనేది, ఉత్తినే పెడితే తినేది కాదు. పదకొండో ఏట అది పోయిన రోజున నేను కొయ్యలేదు ఈ దారం. దాని సేతిలోంచి అలాగే ఊడొచ్చేసింది." యర్రమ్మ దారం చుట్టని వేలితో నిమిరింది. "అందుకే నాకు బలిసిందంటే... నాకు ఆ మాట కంటే గొప్ప మాట తెల్దే బేబీ. నిన్ను ఎక్కిరించలేదు. నా మీదొట్టు."

ఆ పిల్ల భయపడాలనే తెచ్చింది యర్రమ్మ. చావు ఎంత సన్నగా ఉంటుందో చూస్తే తింటుందనుకుంది.

బేబి ఆ దారాన్ని అరచేతిలోకి తీసుకుంది. వేలితో దాని చుట్టు కొలత తడిమింది.

"పదకొండేళ్ళకీ ఇంతేనా పెద్దమ్మా?" అంది. ఆ గొంతులో భయం లేదు. ఆశ ఉంది.

యర్రమ్మ చూస్తుండగానే బేబి సెలైను లేని చేతి వేళ్ళన్నీ దగ్గరగా ముడిచి దారంలో దూర్చింది. అది కణుపుల దగ్గర ఆగి, కాస్త లాగితే దాటింది. మణికట్టు మీదకొచ్చింది. బేబి దాన్ని పైకి నెడుతూ మోచేతి కిందిదాకా తెచ్చింది. ముఖం వెలిగిపోయింది.

"నాకూ పట్టింది పెద్దమ్మా!"

జులైలో వంటశాలలోకి పరుగెత్తుకొచ్చి "దారం బిగిసింది" అన్నప్పుడు ఏ సంబరమో, అదే సంబరం. యర్రమ్మ తను తెచ్చింది మందు అనుకుంది. ఆ పిల్లకి అది ఇంకో కొలతబద్ద అయింది. చచ్చిపోయిన పిల్లతో పోటీపడుతోంది ఇది. ఒంటి గురించి ఏమీ అనొద్దంది సిస్టర్. కళ్ళవెంట నీళ్ళు మాత్రం కారుతున్నాయి. తుడుచుకోలేదు.

బేబి దారం ఎక్కడిదాకా ఎక్కిందో చూసుకోవాలని మోచెయ్యి మడిచింది.

టక్కుమంది. ఇరవయ్యేళ్ళ పాత దారం. తెగి దుప్పటి మీద పడింది.

బేబి నవ్వు అలాగే ఆగిపోయింది. దుప్పటి మీద దారం కేసి చూసింది, యర్రమ్మ ముఖం కేసి చూసింది. ఆ ముఖంలో ఏం కనపడిందో, గబుక్కున లేచి కూర్చుంది.

"పెద్దమ్మా... కనకప్పది... నేను కావాలని సెయ్యలేదు. పెద్దమ్మా, నేను ముడేస్తాను, ఉండు, ముడేస్తాను..." అని రెండు కొసలూ పట్టుకుని ముడెయ్యబోయింది. వేళ్ళల్లో సత్తువ లేదు, ముడి పడలేదు. అప్పుడు ఏడ్చింది. నాలుగు నెలలుగా గుమ్మాల దగ్గరా, కొళాయి దగ్గరా, వరసల్లోనూ మింగుకున్న ఏడుపంతా ఏడ్చింది. "నన్నందరూ నవ్వినారు పెద్దమ్మా. నువ్వూ నవ్వినావు," అంది.

"నవ్వినానమ్మా," అంది యర్రమ్మ. "తెలీక నవ్వినాను. నువ్వొచ్చి సెప్పినప్పుడు కూడా ఇనలేదు. తప్పు నాదే తల్లీ."

బేబి తలని ఒడిలోకి తీసుకుంది. జుట్టు ఊడి చేతికొచ్చింది. దాన్ని చుట్టి కొంగున దాచేసింది. చాలాసేపటికి పిల్ల వెక్కిళ్ళు తగ్గాయి. యర్రమ్మ తెగిన దారం తీసి అరచేతిలో పెట్టుకుని చూసింది. కూతురిదంటూ ఇంట్లో మిగిలింది అదొక్కటే. ఫొటో కూడా లేదు.

"బిగిసి తెగింది," అంది తనలో తను.

బేబి తలెత్తింది.

"నాలుగేళ్ళు దాని సేతిమీదుంది, పదహారేళ్ళు నా పెట్టిలో ఉంది. ఒక్కరోజూ బిగీలేదు. ఇయ్యాల నీ సేతిమీద బిగిసింది బేబీ. మా కనక దారం బిగిసింది."

దారం బిగిస్తే బెల్లం పెట్టాలి. కొంగుముడిలో బెల్లం ఎప్పుడూ ఉంటుంది ఆవిడకి, పద్నాలుగేళ్ళ అలవాటు. ముడి విప్పింది. చెయ్యి సాచింది గానీ నోటిదాకా తీసుకెళ్ళలేదు. గడ్డం పట్టుకుని ముద్ద కుక్కిన చెయ్యి అదే.

"ఇది కనకది. బిగిసినాకే తింతానంది. దానికియ్యాల్సింది నా కాడే ఉండిపోయింది. నువ్వు తింతే తిను. లేదంటే ఆ కిటికీ మీద పెట్టీయ్, పిట్టలు తింతాయి. నేనేటీ అనను."

బేబి బెల్లంముక్క తీసుకుంది. కిటికీ వైపు చూసింది. ఏ లెక్కలు వేసుకుంటోందో కనుబొమలు ముడిపడ్డాయి, విడిపోయాయి, మళ్ళీ ముడిపడ్డాయి. చివరికి నోట్లో పెట్టుకుంది. నమల్లేదు. బుగ్గన పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఇలాంటి ముక్కలు ఇంకా ఎన్నో వందలు ఉన్నాయని, పిల్ల రేపే మళ్ళీ గోడవైపు తిరిగిపోవచ్చని యర్రమ్మకి తెలుసు. సిస్టర్ చెప్పనే చెప్పింది, నెలలు పడుతుందని.

చాలాసేపటికి బేబి గొంతు కదిలింది.

యర్రమ్మ నాలుక చివరికి ఆ పాతమాట వచ్చేసింది, పద్నాలుగేళ్ళుగా బెల్లం తరవాత తప్పకుండా వచ్చే మాట. పళ్ళు బిగించి దాన్ని లోపలికి మింగింది. తెగిన దారాన్ని పసుపుగుడ్డలో చుట్టింది.

"హాస్టల్లో కుక్కపిల్లలు నాలుగూ కళ్ళు తెరిసినాయంట," అంది.